తొట్టి గట్టు మీద మంగమ్మ

ఇరవై వేసవులుగా నూజివీడు తోటల్లో మామిడికాయలు ఏరుతున్న మంగమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎందుకుండదు? మే నెలలో బడులుండవు. తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని పనికొస్తారు. వెంకటకృష్ణారావుగారి తోటలో బోరు పక్కనే సిమెంటు తొట్టి. కరెంటున్నప్పుడే నిండా పట్టి ఉంచుతారు. ఎండకి తాళలేక పిల్లలంతా అక్కడే చేరతారు. పదిమంది ఆడవాళ్ళం ఉన్నాం కదా అని ప్రతి తల్లికీ ధీమా. పదిమందీ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదనే అర్థం. ఈ ముక్క చెప్పి చెప్పి మంగమ్మ నోరు నొప్పెట్టింది.

చివరికి తనే కట్టడి పెట్టింది. గంటకొకరు పని మాని తొట్టి గట్టు మీద కూర్చోవాలి. ఇంకొకరిని పేరు పెట్టి పిలిచి, ఆవిడొచ్చి కూర్చున్నాకే లేవాలి.

ఓ మంగళవారం కాయలెక్కించే లారీ ముందే వచ్చేసింది. గట్టు మీద ఉన్నది మంగమ్మే.

"మంగమ్మా, దెబ్బకాయలు ఏరడం నీకు తెలిసినట్టు వీళ్ళకి తెలీదు. రెండు నిమిషాలు వచ్చి పో" అని రావుగారు పిలిచారు.

ఆ మాటకి పొంగిపోయింది పిచ్చిది. "దివ్యా, కాస్త చూడవే" అని కేకేసి లేచింది. కాయలు సర్దుతున్న దివ్య తలూపింది గానీ తిరిగి చూడలేదు.

నాలుగో ట్రే ఏరుతుండగా తొట్టి దగ్గర అల్లరి ఆగిపోయింది. పెద్దపిల్లలు రాలిన కాయల కోసం చెట్ల కిందకి పరిగెత్తారు. మంగమ్మ ఉరికింది. దివ్య కూతురు రోజా, మూడేళ్ళది, నీళ్ళలో బోర్లా తేలుతోంది. అరుపు లేదు, చప్పుడు లేదు. జుట్టు పట్టి లాగింది. పిల్ల దగ్గి, నీళ్ళు కక్కి, ఏడ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళితే సాయంత్రం దాకా ఉంచి పంపించారు.

"కన్నతల్లివి, కళ్ళెక్కడ పెట్టుకున్నావే?" అని ఆడవాళ్ళంతా దివ్య మీద పడ్డారు.

"దాన్ననకండి. ఆ గంట నాది. లేచింది నేను" అని మంగమ్మ కసిరింది. లోకాన్నంతా తిట్టే మనిషి ఆ రాత్రి తనని తానే తిట్టుకుంది.

మర్నాడు గట్టు మీదున్న మంగమ్మతో రావుగారు, "మూత చేయిస్తున్నాను. అప్పటిదాకా తొట్టి సగమే పట్టిస్తాలే" అన్నారు.

"తొట్టిలో సగమంటే ఆ పిల్ల ఎత్తు కదండీ!"

అంతలో లారీ హారన్ మోగింది. "మంగమ్మా, ఒక్క రెండు నిమిషాలు..." అన్నారాయన.

ఆవిడ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. "నా గంట అవలేదండీ. అంత తొందరైతే మీరొచ్చి కూర్చోండి."

రావుగారు పంచె ఎగ్గట్టి గట్టు మీద కూర్చున్నారు. మంగమ్మ కదల్లేదు.

"ఇంకా ఏంటి?"

"జేబులో ఆ ఫోను ఇటివ్వండి" అని చెయ్యి చాపింది.