కుడిచెవి వైపు కూర్చున్న రోజులు

మాది ధర్మవరం. నాయన మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, హిందూపురంలో బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరాను. నన్ను హాస్టల్లో ఉంచే ఆలోచన ఇంట్లో ఎవరికీ లేదు. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి పోయి, సాయంత్రం బండికి తిరిగొచ్చేదాన్ని.

చేరిన మూడో రోజు పెనుకొండలో ఒక పాప ఎక్కి నా పక్కనే కూర్చుంది. క్లాసులో చూసిన ముఖమే. "మ్మే, నువ్వూ మా క్లాసే కదా?" అని పలకరించాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. మళ్లీ అడిగాను. పలకలేదు. ఇంత గర్వమా అనుకుని నేనూ ముఖం తిప్పుకున్నాను. హిందూపురంలో దిగేటప్పుడు ఎదురుపడితే మాత్రం ముఖమంతా నవ్వింది. "నువ్వు కంప్యూటర్సే కదా? ఇంతసేపూ పక్కనే కూచోనుండావు, పలకరియ్యవేమి?" అంది. నాకేమీ అర్థం కాలేదు.

వారం తర్వాత ఆమే చెప్పింది. చిన్నప్పుడు చెవుల్లో చీము కారేదట. ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవి కొంచెం పనిచేస్తుంది.

"మనిషి మొగం చూస్తే చాలు, పెదాలు కదిలేదాన్ని బట్టి నాకు అర్థమైపోతాది. ఇంటర్ దాకా అట్లనే చదివినా."

"మిషను పెట్టుకోవచ్చు కదా?"

"ఒకటి ఇచ్చినారు. అది పెట్టుకుంటే ఫ్యాను చప్పుడే పెద్దగా ఇనిపిస్తాది, సారు మాట యాడో ఉంటాది." నా చేయి పట్టుకుంది. "ఎవురికీ చెప్పొద్దు. స్కూల్లో నన్ను పేరు పెట్టి ఎవురూ పిలవలే. ఏమని పిలుస్తాండ్రో నీకు తెలుసు కదా."

చెప్పనని మాటిచ్చాను.

ఆ రోజు నుంచి మూడో బెంచీలో గోడ పక్కన ఆమె, ఆమె కుడివైపు నేను. అక్కడ కూర్చున్నాకే ఆమె అసలు కష్టం నాకు తెలిసింది. తెలుగు మాటలైతే పెదాలు చూసి పోల్చుకునేది, ఎందుకంటే ఆ మాటలన్నీ ఆమెకు ముందే తెలుసు. కాలేజీలో పాఠాలన్నీ ఇంగ్లీషు. ఎన్నడూ వినని మాటను పెదాల మీద ఎట్లా పోల్చుకుంటారు? పైగా కంప్యూటర్స్ సారు లైట్లు ఆర్పి, తెర మీద బొమ్మలు వేసి పాఠం చెప్పేవాడు. చీకట్లో ఆయన ముఖమే కనిపించేది కాదు. లెక్కల మేడం బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడేది.

నాకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా చెవిన పడిన ప్రతి మాటనూ మా ఇద్దరి మధ్య పెట్టిన నోట్సులో రాసేదాన్ని. ఆమె చదువుకుని తల ఊపేది. లెక్కల్లో మాత్రం ఆమె నాకంటే ఎంతో మెరుగు. బోర్డు మీద రెండు లైన్లు చూస్తే చాలు, మిగతాది తానే చేసేది. సాయంత్రం రైల్లో పెనుకొండ వచ్చేదాకా నాకు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చెప్పేది. "నువ్వు నాకు ఇంగ్లీషు, నేను నీకు లెక్కలు. సరిపాయ!" అని నవ్వేది. బండి దిగాక ప్లాట్‌ఫారం మీద నిలబడి, నా కిటికీ దాటిపోయేదాకా చెయ్యి ఊపేది.

రెండు నెలలు అట్లా గడిచాయి. తర్వాత సెమినార్ల కోసం గ్రూపులు వేశారు. నన్ను ముగ్గురు హాస్టల్ అమ్మాయిల గ్రూపులో పడేశారు. ముగ్గురూ ఇంగ్లీషు మీడియం. లెక్చరర్లతో భయం లేకుండా మాట్లాడేవాళ్లు, తమలో తాము కూడా ఇంగ్లీషులోనే జోకులు వేసుకునేవాళ్లు. నేనొక మాట తప్పుగా పలికితే ఎగతాళి చేయకుండా సరిచేసేవాళ్లు. వాళ్ల పక్కన కూర్చుంటే నేనూ అట్లా అయిపోతానని ఆశ పుట్టింది.

ఒకరోజు, "ఈ ఒక్క పీరియడ్ వాళ్ల దగ్గర కూచుంటా, సెమినార్ పని ఉండాది," అని చెప్పాను. ఆమె సరేనంది. ఆ ఒక్క పీరియడ్ ఒక పూట అయింది, పూట కాస్తా వారమైంది. మొదట్లో సాయంత్రం నా నోట్సు ఆమెకు ఇచ్చేదాన్ని. తర్వాత లైబ్రరీలో పనుందని చెప్పి, సాయంత్రం రైలు మానేసి బస్సుకు ఇంటికి రావడం మొదలుపెట్టాను. లైబ్రరీలో నాకు పనేమీ లేదు. రాసి రాసి అలిసిపోయాను, నాకూ కొన్నిరోజులు నా చదువు నేను చదువుకోవాలని ఉంది అని ఆమెతో చెప్పి ఉండవచ్చు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. అబద్ధం చెప్పడం సులువనిపించింది.

ఆమె నన్ను ఏమీ అడగలేదు. మూడో బెంచీలో గోడ పక్కన ఒక్కతే కూర్చుని, ముందుకు వంగి, సారు పెదాల వైపు చూస్తూ ఉండేది.

మొదటి మిడ్ పరీక్షలయ్యాక కంప్యూటర్స్ సారు పేపర్లు ఇస్తూ, ఆమెను లేపి ఏదో ప్రశ్న అడిగాడు. అడిగేటప్పుడు ఆయన తల వంచుకుని పేపరు చూస్తున్నాడు. ఆమెకు మార్కులు ఎందుకు తగ్గాయని అడిగాడనిపించిందేమో. "జ్వరం వచ్చింది సార్," అంది. ఆయన అడిగింది వేరియబుల్ అంటే ఏమని. క్లాసంతా గొల్లుమంది. నా పక్కనున్న ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వాలనుకోలేదు, నవ్వొచ్చేసింది, అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆమె వెంటనే తిరిగి చూసింది నా వైపే. ఏమైందో తెలుసుకోవాలంటే ఆమె చూడవలసింది ముఖాలనే, అందులోనూ నా ముఖాన్నే. అప్పుడు నా ముఖం మీద నవ్వు ఉంది. ఆమె కూర్చుని పుస్తకం తెరిచింది. ఆ పీరియడ్ అయ్యేదాకా మళ్లీ తల ఎత్తలేదు.

సోమవారం పెనుకొండలో ఆమె ఎక్కలేదు. మంగళవారమూ ఎక్కలేదు. రైలు ఆగిన ప్రతిసారీ ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికేదాన్ని. ఫోన్లో మాట్లాడితే ఆమెకు వినపడదు కాబట్టి మెసేజ్ పెట్టాను. "ఒళ్లు బాగలేదా? ఎప్పుడొస్తావు?" సాయంత్రానికి ఒక్క మాట వచ్చింది. "బాగుండా." అంతే. క్షమించమని రాసి, తుడిపేసి, మళ్లీ రాసి, పంపకుండా వదిలేశాను. వారాలు గడిచిపోయాయి.

సెమిస్టర్ పరీక్షల ముందు హాల్ టికెట్లు ఇచ్చారు. లెక్కల మేడం ఆమె పేరు మూడుసార్లు పిలిచింది. "ఈ పాప ఫ్రెండ్స్ ఎవరమ్మా?" అని అడిగింది. ఎవరూ లేవలేదు. చివరికి నేను లేచాను. "నువ్వా? అయితే నువ్వే తీస్కపోయి ఇయ్యి," అని హాల్ టికెట్ నా చేతిలో పెట్టింది.

ఆదివారం పెనుకొండలో దిగి, అడుక్కుంటూ వాళ్ల ఇల్లు కనుక్కున్నాను. కొండ కింద రెండు గదుల ఇల్లు. వాళ్లమ్మ వాకిట్లో కూర్చుని శనక్కాయలు వలుస్తూ ఉంది. నేనెవరో చెప్పగానే చేట పక్కన పెట్టి లేచింది.

"రామ్మా రా. నువ్వేనా పాపా? మా పాపకు పాఠాలన్నీ రాసిస్తాండేది నువ్వే కదా. రోజూ నీ మాటే చెప్తాండె. ఒగసారి ఇంటికి పిలుచుకురామే అని ఎన్నిసార్లు చెప్పినానో."

నాకు ఆమె ముఖంలోకి చూడటం చాతకాలేదు. నేను పక్కనుంచి లేచిపోయిన సంగతి కూతురు ఇంట్లో చెప్పలేదన్నమాట.

స్నేహితురాలు లోపలి నుంచి వచ్చింది. కొంచెం చిక్కింది. హాల్ టికెట్ ఇస్తే తీసుకుని, దాని మీద తన ఫొటో చూసుకుని, "ఎంత అధ్వానంగా ఉండానో చూడు," అంది. తర్వాత తీరిగ్గా చెప్పింది. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనికి పోతోందట. పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు వస్తుందట.

"ఆడ బాగుండాది మే. మిషన్ల సద్దుకు ఎవురికీ ఏమీ ఇనపడదు. అందురూ మొగాలు చూసే మాట్లాడుకుంటారు. అందురూ నా మాదిరే."

ఆ మాట ఆమె నవ్వుతూనే చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు. తప్పు నాదేనని, ఆ రోజు నవ్వకుండా ఉండాల్సిందని ఏదేదో చెప్పాను. ఏడుస్తూ మాట్లాడితే నా పెదాలు ఆమెకు సరిగా అర్థం కాలేదు. "నిదానంగా చెప్పు," అంది. మళ్లీ చెప్పాను.

"నగినందుకు కాదు," అంది ఆమె. "అందురూ నగుతారు, నాకు అలవాటే. నీకు చేతగావడం ల్యేదని ముందే చెప్పింటే ఇంకెవురినన్నా అడుగుతాంటి కదా. రేపొస్తావులే, రేపొస్తావులే అని ఎదురు చూస్తాంటి. పక్కన జాగా కూడా పెట్టుకోనుంటి."

వాళ్లమ్మ టీ తెచ్చింది. ముగ్గురం కూర్చుని తాగాం. పరీక్షలు రాయమని బతిమాలాను. "చూస్తాలే," అంది.

పరీక్షల మొదటి రోజు ఆమె సీటు నాకు రెండు వరసల అవతల ఉంది. బెంచీ మీద సుద్దతో నంబరు రాసి ఉంది, మనిషి లేదు. అరగంట గడిచాక ఇన్విజిలేటర్ వచ్చి తన కాగితంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. పరీక్షలన్నీ అయ్యాక నేను లెక్కల మేడం దగ్గరికి పోయి ఆమె చెవుల సంగతి మొత్తం చెప్పాను. మేడం దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టింది. "నేను బోర్డు వైపు తిరిగే చెప్తానే," అంది. "ఒక్క మాట చెప్పింటే ఇటు తిరిగి చెప్తాంటిని కదమ్మా."

ఎవరికీ చెప్పనని మాటిచ్చానని అన్నాను. అది నిజమే. కానీ నేను ఆమె పక్కన ఉన్నన్నాళ్లే ఆ మాటకు అర్థం ఉంది. పక్కనుంచి లేచిపోయాక కూడా దాన్ని నిలబెట్టుకున్నది ఆమె కోసం కాదు.

ఆ సెమిస్టర్ నేను పాసయ్యాను. ఆమె మళ్లీ కాలేజీకి రాలేదు. ఇప్పుడు నేను ధర్మవరంలోనే ఒక స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. ఆమెకు పెళ్లయిందని, కొత్తచెరువు వైపు ఉంటుందని ఎవరో చెప్పారు. పాత నంబరుకు రెండుమూడుసార్లు మెసేజ్ పెట్టాను. పోలేదు. నంబరు మార్చినట్టుంది.