కొండకు రెండు వైపుల దోమలు

దోమ కనబడితే అందరూ చప్పట్లు కొట్టి చంపుతారు. ఆమె మాత్రం పెంచేది. మలేరియా పరిశోధనశాలలో దోమల జన్యువులను పరీక్షించడం ఆమె ఉద్యోగం. "ఊరంతా దోమలు రాకుండా తెరలు కట్టుకుంటుంటే, మా కోడలు దోమలు పోకుండా తెర కడుతుంది" అని అత్తగారు వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వించేది. వీధిలో ఆమెకు దోమలత్త అనే పేరు స్థిరపడింది.

ఆమె అన్న కూడా మలేరియా శాఖలోనే పనిచేసేవాడు. వీపున పంపు తగిలించుకుని అడవి అంచు ఇళ్ల గోడలకు మందు కొట్టేవాడు. కొండకు తూర్పున జ్వరాలు తగ్గాయి. పడమట తగ్గలేదు. జనం ఊరుకుంటారా? మందు అమ్ముకుని నీళ్లు కొడుతున్నాడన్నారు. ఫిర్యాదు వెళ్లింది. విచారణ తేలేదాకా పంపు ముట్టుకోవద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

విషయం తెలిసి ఆమె అన్న ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో బూట్లు కడుగుతున్నాడు.

"ఒక్కటే అడుగుతా అన్నా. నీళ్లు ఎక్కువ కలిపావా?"

"నువ్వు కూడానా?" ఆయన తలెత్తలేదు. బూటు బోర్లించి అన్నాడు, "లేదమ్మా. రెండు వైపులా అదే డబ్బా, అదే కొలత."

"అయితే తేడా మందులో లేదు. దోమలో ఉండాలి."

పరిశోధనశాల పెద్దాయన ఒప్పుకోలేదు. "ఒకే అడవి, ఒకే జాతి. తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"కొండ నెత్తిన చలి సార్. నీడలో నిలిచే నీళ్లు లేవు. అటుది ఇటు రాదు. కలవకుండా తరాలు గడిస్తే మారవా?"

"తేల్చు. కానీ మందు కొట్టినవాడు మీ అన్న. నీ మాట ఎవరూ నమ్మరు. దోమలకు రహస్య గుర్తులు నేను వేస్తా. ఏవి ఎటువో నీకు తెలియకూడదు."

ఆమెకు కోపం రాలేదు. తాను అడగబోయిందే ఆయన చెప్పాడు.

వాగుల పక్క నీడగుంటల్లోంచి దోమపిల్లలను గరిటెలతో తోడి తెచ్చారు. కరెంటు పోయి, గది వేడెక్కి మొదటి విడత మొత్తం చచ్చింది. ఆమె మళ్లీ వానలో, కాళ్లకు జలగలు పట్టించుకుంటూ కొండ రెండు వైపులా తిరిగింది. పెరిగిన దోమలకు పెద్దాయన గుర్తులు వేసి ఇచ్చాక, వాటి కాళ్ల నుంచి జన్యుపదార్థం తీసింది. ఫలితాలు రెండు కుప్పలుగా విడిపోయాయి. ఒక కుప్పలో మందును తట్టుకునే మార్పు ఉంది, రెండోదానిలో లేదు.

ఫిర్యాదు చేసినవాళ్ల ఎదుటే పెద్దాయన రహస్య గుర్తులు విప్పాడు. తట్టుకునేవన్నీ పడమటివే. ఒక్కటీ తప్పలేదు. తర్వాత అన్న వాడిన డబ్బాలోని మందు పూసిన గొట్టాల్లో బతికున్న దోమలను వదిలారు. తూర్పువి కాళ్లు చాపి కింద పడ్డాయి. పడమటివి గొట్టం గోడకు వాలి హాయిగా కూర్చున్నాయి.

పడమటి ఊరి కిరాణాకొట్టాయన ముందుకు వంగి చూశాడు. "అంటే మా దోమలు గట్టివా?"

"మొండివి" అంది ఆమె. "మీకు వేరే మందు కావాలి. మందులో నీళ్లుంటే తూర్పువి కూడా బతికేవి కదా బాబాయ్."

కొట్టాయన ఆమె వైపు కాదు, వెనక నిలబడ్డ అన్న వైపు తిరిగాడు. "నేనే ముందుగా నోరు జారాను. మనసులో పెట్టుకోకు."

అన్న చేయి చాపాడు. పెద్దాయన ఆ గదిలోనే ఉత్తర్వు రద్దు చేయించి, ఆమెతో అన్నాడు: "ఇక నుంచి ఎక్కడ ఏ మందు కొట్టాలో ముందు నీ గదిలో తేలాలి."

పడమటి గోడలకు కొత్త మందు పడింది. ఆ వానాకాలం ఆసుపత్రిలో జ్వరాలవాళ్ల కోసం వేసిన అదనపు మంచాలు మడిచి గోడకు చేర్చారు. దోమలత్త అప్పటికే గరిటె పట్టుకుని మరో కొండ ఎక్కుతోంది. ఈసారి ముందు నడిచినవాడు అన్న.