మూడు లైన్ల పెట్టె

దేశనూరు శివపార్వతిది ఒక మొండితనం. పనే ఊళ్లోకి రావాలి గానీ ఊరు పని వెంట పోకూడదంటుంది. అని ఊరుకోలేదు, చేసి చూపించింది. ధాన్యం గోదాము పక్క గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లకు హెడ్‌సెట్లు తగిలించి, బెంగళూరులోని ఒక పెద్ద ఆస్పత్రికి వచ్చే ఫోన్లు అక్కడే ఎత్తిస్తోంది. డాక్టరు ఎప్పుడుంటాడని కన్నడంలో అడిగితే కన్నడంలో, తెలుగులో అడిగితే తెలుగులో, రెండూ కలిపి అడిగితే రెండూ కలిపి జవాబు. అది కర్ణాటక, ఆంధ్ర సరిహద్దులోని ఈ ఊరివాళ్లకు ఒకరు నేర్పాలా?

అంతా బాగానే ఉంది, ఆ ఫోన్లు నడిచే ఇంటర్నెట్టే ఏడిపించింది. మాట మధ్యలో లైను పోవడం, అవతలి రోగి విసుక్కుని పెట్టేయడం. ఆస్పత్రి మేనేజరు ఓపిక పట్టీ పట్టీ చివరికి తేల్చేశాడు: ఈ నెలలో ఇంకొక్కసారి ఫోన్లన్నీ తెగితే పని బెంగళూరుకే తెచ్చుకుంటామని. బెంగళూరు ఎవరు పోతారు? ముగ్గురు పిల్లల తల్లి హంపమ్మ పోతుందా? ఇరవై ఏళ్లు నాట్లు వేసి, ఇప్పుడు ఫ్యాను కింద కూర్చుని డాక్టర్ల పేర్లు గడగడా చెప్పే ఆ మనిషి మళ్లీ బురదలోకి దిగాలి. అది తలచుకుంటే శివపార్వతికి అన్నం సహించలేదు.

రెండు కంపెనీల నుంచి రెండు ఫైబర్ లైన్లు తీసుకుంది. రెండూ మంచి స్పీడు. కానీ ఉన్న రౌటరు పట్టేది ఒక్కదాన్నే. ఒకటి పోతే వైరు పీకి రెండోది గుచ్చాలి. గుచ్చేలోపు ఎనిమిది ఫోన్లూ గోవిందా. అందుకని బళ్ళారి బస్సెక్కి, అక్కడ బ్రూస్‌పేటలో హర్ష కంప్యూటర్ల దుకాణం ముందు ఆటో దిగింది.

హర్ష ఎనిమిది యాంటెన్నాల రౌటరు తీసి బల్ల మీద పెట్టాడు. అదేమో వెల్లకిలా పడ్డ పీతలా ఉంది. శివపార్వతి దాన్ని వెనక్కి తిప్పి చూసింది.

"ఏమప్పా హర్షా, బయటి లైన్లు దీంట్లోకి ఎన్ని పడతాయి?"

ఒకటేనట. అయితే లోపల పెట్టేయమంది. ఈసారి అతను ఒక్క యాంటెన్నా కూడా లేని నల్ల పెట్టె తెచ్చాడు. బయటి లైన్లు మూడు దాకా పడతాయని, ఎంత స్పీడు వచ్చినా పోర్టులు తట్టుకుంటాయని, ఒకటి పోతే పెట్టె దానంతటదే రెండోదానికి మారుతుందని చెప్పాడు. నాలుగైదు సెకన్లు మాట ఆగుతుంది గానీ ఫోను తెగదట. వైఫైకి మాత్రం వేరే డబ్బా కొనుక్కోవాలి. మావాళ్లందరికీ వైర్లే, వైఫై ఎవరికి కావాలని ఆ బోడి పెట్టెనే ఒళ్లో పెట్టుకుని వచ్చేసింది.

వచ్చీ రాగానే బిగించింది. ఒక వైరు పీకితే నెట్ నడిచింది. అది గుచ్చి రెండోది పీకినా నడిచింది. ఇక తనను మించినవాళ్లు లేరన్నట్టు మామగారిని పిలిచి చూపించింది. వెంకట్రావు కోస్తా నుంచి వచ్చి యాభై ఏళ్లుగా కాలువ చివరి మడుల్లో వరి పండిస్తున్న మనిషి. ఆయన పెట్టె వైపు చూడనే లేదు. కిటికీలోంచి వైర్లు వచ్చే దిక్కు చూశాడు.

"ఈ రెండూ యాడ నుంచి వస్తాండాయమ్మా?"

"కాలువ గట్టులో పాతినారు మామయ్యా."

"రెండూ గట్టులోనేనా? వచ్చే వారం నీళ్లు బందు చేసి పూడిక తీస్తారు. గట్టు తవ్వే మిషనోడికి నీ కంపెనీలు తెలుస్తాయా?"

శివపార్వతి ముఖం మాడిపోయింది. నీళ్లు ఏ దారిన వస్తున్నాయో చూడకుండా మడికి గండి కొట్టేవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. అలాంటిది పెట్టె గురించి దుకాణంలో వంద అడిగిన తను, లైన్ల దారి గురించి ఒక్కటీ అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

అయినా మూడో పోర్టు ఖాళీగానే ఉంది కదా. హర్షకు ఫోన్ చేస్తే, సిరుగుప్ప టవరు నుంచి గాల్లో సిగ్నలు పట్టే డబ్బా ఒకటుంది, ఎత్తులో పెట్టాలన్నాడు. ఊళ్లో ఎత్తంటే రైసు మిల్లే. మిల్లు యజమాని కుదరదంటే హంపమ్మ వెళ్లి, ఆయన ఒప్పుకునేదాకా గుమ్మంలోంచి లేవలేదు. మర్నాడే డబ్బా మిల్లు రేకుల మీదికి ఎక్కింది, దాని వైరు మూడో పోర్టులోకి దిగింది. దాని స్పీడు తక్కువే. మాటలకు అంత స్పీడెందుకు?

పూడిక మొదలైన మూడోనాడు పొద్దున పదకొండింటికి పెట్టె మీది ఫైబర్ లైన్ల దీపాలు రెండూ ఒకేసారి ఆరిపోయాయి. గదిలో ఎనిమిది గొంతులూ ఆగాయి. హంపమ్మ ఎవరో ముసలాయనకు గుండె డాక్టరు టైము చెబుతూ మధ్యలో నిలిచిపోయింది. శివపార్వతి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు.

"ఆఁ తాతా, ఈడే ఉండా. చెప్పు," అంది హంపమ్మ.

నెలాఖరున మేనేజరు ఫోన్ చేశాడు. తను హెచ్చరించాక ఒక్క ఫోనూ తెగలేదని, ఊళ్లో లైన్లకు ఏ ఇబ్బందీ రాలేదు కదా అని అడిగాడు. కిటికీ బయట గట్టు మీద తెగిన వైర్లు ఇంకా అలాగే పడి ఉన్నాయి.

"ఏమీ రాలేదు సార్," అంది శివపార్వతి. "ఇంకో నలుగురికి కుర్చీలు వేసి పెట్టినా. ఫోన్లు పంపండి."