బస్సులో నేర్చిన పేరంటం

అమ్మ నేర్పిన హారతిపాటలు నేను పెట్టిన వెబ్‌సైటు ఎంత వెతికినా కనబడడం లేదని మొదట చెప్పింది మా ఆడపడుచు కూతురు లలిత. బడికి వెళ్ళని నాకు అమ్మ ఆ పాటలతోనే అక్షరాలు నేర్పింది. అవి నాతోనే పోతాయేమోనని బెంగ పట్టుకుంది.

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో హౌరా బస్సెక్కాక, "కనబడ్డ ప్రతి సైటులోనూ మన లింకు అంటించానే, అయినా ఎవరూ రాలేదు" అని ఫోనులో లలితతో అంటున్నాను. పక్కసీటులో అమ్మాయి ఫక్కున నవ్వింది.

"తెలుగోలా పిన్నీ? సైట్లకి లింకులు తేడమే నా ఉద్యోగం. అలా మనమే అంటిస్తే ఏటొస్తాది? వేరేవోలు ఇష్టపడి ఎడితేనే ఎతికినోలకి కనబడతాది," అంటూ కిటికీలోంచి పార్టీల రాతలు నిండిన గోడలు చూపించింది. "ఆ రాతలు సదివి మీ ఇంటికెవులైనా వచ్చినారేటి?"

"మరేం చెయ్యాలమ్మా?"

"పేరంటానికెలా పిలుస్తారు? ముందు మీరే ఆలింటికెల్లి బొట్టెట్టరా? అలాగే పాటలెట్టినోల సైట్లకెల్లి ఆల పాటలు ఇనండి. నచ్చినోటి లింకులు మీ పేజీలో ఎట్టి, ఆలకో మాట రాయండి. ఆలే వస్తారు."

నా సైటు పేరు అరచేతిలో రాసుకుని దిగిపోయింది.

ఆమె చెప్పినట్టే చేశాను. మొదటి లింకు ఒక జోలపాటల పేజీ నుంచి వచ్చింది. దాని మీద 'బస్సులో కలిసిన పిన్ని పాటలు' అని ఉంది.

దేవుడి దయవల్ల ఇప్పుడు వెతికినవారికి అమ్మ పాటలు దొరుకుతున్నాయి. అవి పాడి హారతిచ్చేటప్పుడు, నేను పేరైనా అడగని ఆ అమ్మాయిని ఒక్కసారి తలుచుకోండి.