వారానికి సరిపడే సంచి

బస్సుల్లో టిక్కెట్టు యంత్రాలు పెట్టిన నెల తిరక్కుండానే కండక్టరు ఇంట్లో కూర్చున్నాడు. ఉద్యోగం పోయినా పిలుపు పోలేదు. వీధిలో అందరికీ ఆయన ఇంకా కండక్టరే. భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పనికి పొద్దున్నే వెళ్లి చీకటి పడే వేళకు వచ్చేది. ఆమె జీతంలో అద్దె, బడి ఫీజు పోగా తిండికి మిగిలేది అంతంతమాత్రమే. దాన్ని వారాలకు పంచి, మొదటి వాటా ఆయన చేతిలో పెట్టి, ఇక వంటిల్లు మీదేనని నవ్వింది.

తినేవాళ్లు నలుగురు. ఆలుమగలు, తొమ్మిదేళ్ల కూతురు, అత్తగారు. అత్తగారు ఒకప్పుడు విద్యార్థుల హాస్టల్లో అరవై మందికి వండిపెట్టిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. ఒకసారి చీర చెంగు అంటుకోబోయిందని కండక్టరు భార్య తన తల్లిని పొయ్యి దగ్గరకు రానివ్వడం మానేసింది. కిటికీ పక్క కుర్చీయే ఆవిడ లోకమైపోయింది. అల్లుడు గరిట పట్టడం ఆవిడకు మింగుడుపడలేదు. పెట్టింది తినేది, బాగుందనీ అనేది కాదు, బాగోలేదనీ అనేది కాదు.

అదే రోజుల్లో పిల్లకు రక్తం తక్కువగా ఉందని బడి నర్సు చీటీ రాసి పంపింది. కండక్టరు దాన్ని మనసుకు పట్టించుకున్నాడు. ఆదివారం పెళ్లికి వెళ్తున్నవాడిలా తయారై మార్కెట్టుకు వెళ్లి పెద్ద చేప, పెట్టెడు ద్రాక్ష, ఆరు కట్టల ఆకుకూర తెచ్చాడు. మూడు రోజులు ఇల్లంతా రాజభోగం. బుధవారానికి ఆకుకూర కుళ్లి నీరు కారింది, సంచి అడుగు కనిపించింది. గురు, శుక్రవారాలు అన్నంలోకి ఉల్లిపాయ ముక్కలే దిక్కయ్యాయి. శుక్రవారం పిల్ల నాలుగు ముద్దలు తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి, "కడుపు నిండింది నాన్నా" అని లేచిపోయింది. అది అబద్ధమని ఆయనకు తెలుసు. కంచం ముందు తల వంచుకుని కూర్చుండిపోయాడు.

"మీకు వండటం రాక కాదు బాబూ," అంది అత్తగారు కుర్చీలోంచి. "కొనడం రాదు."

ఇన్నాళ్లకు ఆవిడ నోరు విప్పింది. ఆయన నొచ్చుకోలేదు. "అయితే ఆదివారం మీరూ రండి అత్తయ్యా. నా ఒక్కడివల్ల కావడం లేదు."

ఆవిడ రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. ఆదివారం ఆయన సంచి అందుకునేసరికి మాత్రం చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది.

మార్కెట్టులో ఆయన మోచెయ్యి పట్టుకుని నడిచింది. గుమ్మడికాయను వేలితో కొట్టి విన్నది, చిక్కుడుకాయను విరిచి చూసింది, చేపను ముక్కు దగ్గర పెట్టుకుని వద్దని తిప్పి పంపింది. దారి పొడుగునా పాఠం చెప్పింది. వారం సరుకంతా ఒక్కరోజే కొనకూడదు. ఆకుకూర తెచ్చిన రోజే వండాలి, గుమ్మడి, బంగాళాదుంప వారం చివరిదాకా ఆగుతాయి. పప్పు ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. పిల్లకు రోజూ గుడ్డు, పెద్దవాళ్లకు వారానికి రెండుసార్లు చాలు. చిన్న చేపలు అంగళ్లు కట్టేసే వేళకు సగం ధరకే వస్తాయి.

ఒక కూరగాయలామె ముల్లంగి ఆకులు తుంచి పక్కన పడేస్తోంది. అవి ఇస్తావా అని అత్తగారు అడిగింది. కుందేళ్లు పెంచుతున్నారా అమ్మా అందామె.

"ఒక్కటే కుందేలు. బడికి వెళ్తుంది," అంది అత్తగారు.

కండక్టరు సంచి కింద పెట్టి మరీ నవ్వాడు.

ఆ రోజు నుంచి ఆవిడ కుర్చీ కిటికీ దగ్గర నుంచి వంటింటి గుమ్మానికి మారింది. కళ్లకు కనబడనిదంతా ముక్కుకు తెలిసిపోయేది. ఉల్లిపాయ మాడక ముందే మంట తగ్గించమనేది. కొలత మాత్రం హాస్టల్ కొలతే. మొదటిరోజు ఆవిడ చెప్పినంత పప్పు పోస్తే గిన్నె పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ పప్పును ఒకరోజు అన్నంలోకి, మర్నాడు గుమ్మడి ముక్కలతో, మిగిలింది గట్టిపడేదాకా ఉడికించి పెనం మీద బిళ్లలుగా కాల్చి తిన్నారు. బిళ్లలు ఇంకా ఉన్నాయా అని పిల్ల రెండుసార్లు అడిగింది.

నాలుగో వారం శుక్రవారం, ఆయనతో పదేళ్లు ఒకే బస్సులో పనిచేసిన డ్రైవరు పెళ్లాం బిడ్డలతో సహా చెప్పాపెట్టకుండా దిగాడు. ఇంట్లో ఉన్నది అర గుమ్మడికాయ, గుప్పెడు పప్పు, మూడు గుడ్లు. కండక్టరు గబగబా అత్తగారి కుర్చీ దగ్గరకు వెళ్లాడు. ఉన్నవేమిటో చెవిలో చెబితే అత్తగారు చటుక్కున లెక్క కట్టేసింది. గుమ్మడి, పప్పు కలిపి చిక్కగా ఉడికించారు. గుడ్లను ఉల్లిపాయలతో గిలక్కొట్టి, పలచటి అట్టుగా పోసి, తలా ఒక ముక్క వచ్చేలా కోశారు. అందరికీ సరిపోయింది. ఇంత తక్కువలో ఎలా నెట్టుకొస్తున్నారని డ్రైవరు భార్య మెల్లగా అడిగింది. అంతా అత్తయ్య చలవేనన్నాడు ఆయన.

"చెప్పడం వరకే నేను. వండింది మా అల్లుడు," అంది అత్తగారు, వీధిలోకి వినబడేంత గట్టిగా.

డ్రైవరు ఊరికే తిని వెళ్లలేదు. పది రోజుల్లో డిపో పార్శిళ్ల గదిలో కండక్టరుకు ఒంటిపూట పని చూపించాడు. వేసవి సెలవులకు బడి మూసే ముందు నర్సు మళ్లీ పరీక్ష చేసి, పిల్ల ఒంట్లో రక్తం పట్టిందని చెప్పింది. ఇక వంట నేను చూసుకుంటానని భార్య ఒక సెలవురోజు గరిట అందుకోబోయింది.

"నువ్వు ఉల్లిపాయలు తరుగు చాలు," అంది తల్లి. "మిగతాది అతను చూసుకుంటాడు."