హెస్టర్ ప్రాట్ ఇంజనీరు

ఆన్స్‌గార్ ఏ గదిలో అడుగుపెట్టినా ముందు చేతి వెనకభాగాన్ని గోడకు ఆనించేవాడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. చర్చిలోనూ అంతే. బావమరిది ఇంట్లోనూ అంతే. కొయ్య ఓడలో ఇరవై మూడేళ్లు బాయిలరు పక్కన బతికినవాడు గోడల్ని నమ్మడు.

ఓడ పేరు హెస్టర్ ప్రాట్. మా ఊరు స్టర్జన్ బే నుంచి మిషిగన్ సరస్సు మీద రాయి, కలప మోసేది. నేను అందులో సరుకు దించేవాణ్ణి. దాని ఇంజనీరు ఆన్స్‌గార్ రోజుకు రెండుసార్లు, ఎక్కడైనా వేడెక్కిందేమోనని ఓడంతా తడిమి చూసేవాడు, వంటగది తప్ప. ఆ నూనె చేతులతో గడప దాటితే గరిటె విరుగుతుందని వంటామె ముందే చెప్పి ఉంచింది.

ఏటా సరస్సు గడ్డకట్టగానే భార్య థోరాది ఒకటే మాట. "ఇక చాలు. ఒడ్డున ఏదైనా పని చూసుకో." చివరికి పాస్టరు ఎదుట ఒట్టు వేశాడు, హెస్టర్ పోయిన రోజున తానూ మానేస్తానని. హెస్టర్ తనకంటే ఎక్కువకాలం ఉంటుందని అతని ధీమా.

1906 అక్టోబరులో, పట్టపగలు, వంటామె మూకుడులో పందికొవ్వు అంటుకుంది. రేవు కాలకుండా తాళ్లు కోసి ఓడను నీళ్లలోకి నెట్టేశాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఓడ నీటిమట్టం దాకా కాలి, పన్నెండడుగుల లోతున కూర్చుంది. థోరా అందరికీ కాఫీ తెచ్చింది. అంతకుముందు ఆమె రేవుకు కాఫీ తేవడం ఎవరూ చూడలేదు. సాయంత్రానికల్లా బడిలో గదులు వెచ్చబెట్టే బాయిలరు చూసుకునే పని కూడా మాట్లాడేసింది. ఇటుక గోడల బడి.

రెండు వారాల తర్వాత, శుక్రవారం సాయంత్రం, ఓడ యజమాని గార్విన్ ఆన్స్‌గార్ ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"కాలింది కొయ్యేనయ్యా. ఇనుము చెక్కుచెదరలేదు. రేపు పొద్దున్న ఇంజను పైకి లాగుతున్నాం. ఇంకో పాత ఓడ కొన్నాను, అందులో బిగిద్దాం. దాని సంగతి నీకు తప్ప ఎవడికి తెలుసు?"

"పేరేం పెడతారు?" అన్నాడు ఆన్స్‌గార్.

"నీ ఇష్టం. పాతదే ఉంచమంటే ఉంచుతా."

ఆన్స్‌గార్ ముఖం వెలిగింది. "విన్నావా థోరా? అదే ఇంజను, అదే పేరు. అంటే హెస్టర్ పోనట్టే కదా!"

"పోలేదా? మరి ఆ రోజు రేవులో నువ్వు ఏడ్చింది ఎవరికోసం?"

ఆన్స్‌గార్ ఆమె వైపు కుర్చీ జరిపాడు.

"పోనీ, నీ పేరు పెట్టిస్తాను."

"నన్ను కూడా తగలబెడదామనా?"

గార్విన్ నవ్వు దాచుకోవడానికి టోపీ పెట్టుకున్నాడు. "ఏడింటికి మొదలుపెడతాం. వస్తావుగా," అని వెళ్లిపోయాడు.

థోరా కంచాలు సర్దింది. "నేనింక అడగను. ఇన్నేళ్లూ అడిగాను," అంది.

పొద్దున్న ఏడింటికి ఊరంతా రేవులో ఉంది. గొలుసులు బిగిశాయి. ఇంజను బురద కారుస్తూ నీళ్లలోంచి లేచింది. గార్విన్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆన్స్‌గార్ బడికి వెళ్లాడు. బాయిలరు రాజేసి, ఆవిరి నిండేదాకా బొగ్గు వేశాడు. గదులన్నీ వెచ్చబడ్డాయి. ఆ రోజు శనివారం, బడికి సెలవు.