సత్తయ్య లోపలి ఫంక్షన్లు

కరోనా తగ్గిన మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో నాకు ఉద్యోగంలో చివరి పెద్ద పని అప్పగించారు. అప్పుడు నేను హనుమకొండలోని ఒక చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్ విభాగానికి మేనేజర్‌ని. మిర్చి బస్తాలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలకు మేము కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసేవాళ్లం. గోడకు బిగించిన ఇనుప పెట్టె, అందులో ఒక చిప్, ఆ చిప్‌లో మేము రాసిన ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాంనే ఫర్మ్‌వేర్ అంటారు. ఒక్కో ఛాంబర్‌లో చలి ఎంత ఉందో చూసి, కంప్రెసర్‌ను నడపడమో ఆపడమో దాని పని.

మేము తొమ్మిదేళ్లుగా వాడుతున్న చిప్ ఆ ఏడాది బజారులో దొరకకుండా పోయింది. వేరే తయారీదారు చిప్ దొరికింది కానీ, చిప్ మారితే కంపైలర్ కూడా మారాలి. కంపైలర్ అంటే మనం సీ భాషలో రాసినదాన్ని చిప్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చిపెట్టే సాధనం. మార్చి రెండో వారానికి రైతులు బస్తాలు దింపడం మొదలుపెడతారు. ఆలోగా పాత ప్రోగ్రాం కొత్త చిప్ మీద నడవాలి. వారం రోజుల పని అనుకున్నాను.

ఆ ప్రోగ్రాంలో ముప్పాతిక వంతు రాసింది సత్తయ్య. పాలకుర్తి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్లది. ఐటీఐ చదివి మా దగ్గర ప్యానెల్ వైరింగ్ పనికి చేరాడు. హోదా సీనియర్ టెక్నీషియన్. ఇంజనీర్ హోదాకు డిగ్రీ ఉండాలన్నది కంపెనీ నిబంధన కాబట్టి అతను ఎంత పని చేసినా ఆ హోదా దాటలేదు. సీ భాష అతనికి ఎవరూ నేర్పలేదు. ఉచితంగా దొరికే కంపైలర్‌ను ముందు పెట్టుకుని, అది ఒప్పుకుంటే ఒప్పు, తిడితే తప్పు అనుకుంటూ సొంతంగా నేర్చుకున్నాడు. విభాగం మొత్తానికీ ఉన్నది ఆ ఒక్క కంపైలరే కాబట్టి నేనూ అంతకు మించి పట్టించుకోలేదు.

కొత్త కంపైలర్‌కు ప్రోగ్రాం ఇచ్చిన ఉదయం తెర నిండా తప్పుల జాబితా వచ్చింది. అన్నిటి సారాంశం ఒకటే: ఇక్కడ ఫంక్షన్ రాయడానికి వీల్లేదు.

ఫంక్షన్ అంటే ఒక పేరు పెట్టి విడిగా రాసుకున్న పని. సీ భాష ప్రమాణం ప్రకారం ఫంక్షన్లు పక్కపక్కనే ఉండాలి తప్ప ఒకదాని కడుపులో మరొకటి ఉండకూడదు. మా పాత కంపైలర్ మాత్రం అదనపు సౌకర్యంగా దాన్ని ఒప్పుకునేది. సత్తయ్యకు ఆ సౌకర్యం అంటే ప్రాణం. లోపల రాసిన ఫంక్షన్ బయటి ఫంక్షన్ దగ్గరున్న విలువలన్నిటినీ అడక్కుండానే వాడుకోగలదు. రాసేవాడికి చేతికి హాయి. అలాంటి లోపలి ఫంక్షన్లు ప్రోగ్రాంలో నలభై ఒకటి లెక్క తేలాయి. అది సీ భాషలోనే ఉందని సత్తయ్య తొమ్మిదేళ్లుగా నమ్ముతున్నాడు. నిజం తెలిసిన రోజు మధ్యాహ్నం అతను అన్నం తినలేదు.

అప్పుడు మా దగ్గర నవ్య అని రెండేళ్ల కిందట చేరిన ఇంజనీర్ ఉండేది. మట్టెవాడలో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి, చురుకైనది. ఇలాంటి సమస్య వస్తే దాని మీద నివేదిక నిబంధన ప్రకారం ఇంజనీరే, అంటే ఆమే రాయాలి. ఇది ప్రామాణికమైన సీ కాదని, దీన్ని వదిలేసి బయట సిద్ధంగా దొరికే ప్రోగ్రాం తెచ్చుకోవడం మేలని రాసింది. అందులో అబద్ధమేమీ లేదు. మా ఎండీ గారు నన్ను పిలిచి, మూడు వారాలు చూద్దామని, అప్పటికీ కాకపోతే ఆ ప్రోగ్రాంను పక్కన పెట్టి సత్తయ్యను ఫీల్డ్ సర్వీసుకు పంపుతామని చెప్పారు. యాభై నాలుగేళ్ల మనిషి, అరిగిన మోకాలితో, ఊరూరా తిరిగి కోల్డ్ స్టోరేజీల నిచ్చెనలు ఎక్కాలన్నమాట.

నేను దగ్గరి దారి వెతికాను. లోపలి ఫంక్షన్లు వాడుకునే విలువలన్నిటినీ తీసి ప్రోగ్రాం మొత్తానికీ కనిపించే ఒకే చోట పెట్టేయమన్నాను. అలాంటివాటిని గ్లోబల్స్ అంటారు. అప్పుడు ఫంక్షన్లను ఎక్కడికి జరిపినా వాటికి కావలసినవి అందుతాయి. నాలుగు రోజుల్లో అయిపోతుంది. సత్తయ్య ఏదో అనబోయాడు. "చెప్పింది చెయ్యవయ్యా" అని నేను కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, దాచుకోవడం దేనికి?

చెప్పినట్టే చేశాడు. ప్రోగ్రాం కంపైల్ అయింది, బల్ల మీద ఒక ఛాంబర్ పరీక్షలో నెగ్గింది కూడా. నేను ఎండీ గారికి కబురు పంపబోతుండగా నవ్య, సత్తయ్య రెండు థర్మాకోల్ డబ్బాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఒకదానిలో ఐసు, రెండోదానిలో గోరువెచ్చని నీళ్లు. రెండిటికీ సెన్సర్లు పెట్టి బోర్డుకు కలిపారు. కంప్రెసర్లకు బదులు రెండు చిన్న ఫ్యాన్లు పెట్టారు, పది నిమిషాల తర్వాత వేడి డబ్బాకు తిరగాల్సిన ఫ్యాన్ ఆగిపోయింది. ఒక ఛాంబర్ లెక్క సగంలో ఉండగానే టైమర్ వచ్చి ఇంకో ఛాంబర్ లెక్క మొదలుపెడుతుంది. విలువలన్నీ ఒకే చోట ఉండేసరికి ఐసు డబ్బా అంకె వచ్చి వేడి డబ్బా లెక్కలో కూర్చుంది. నిజమైన ఛాంబర్‌లో ఇదే జరిగితే మిర్చి బూజు పడుతుంది. అంతా నవ్యే చెప్పింది, చివర మాత్రం "ఈ డబ్బాల ఐడియా సత్తన్నది సార్" అంది. నా ఆదేశం వెనక్కి తీసుకున్నాను.

అక్కడి నుంచి రెండు వారాలు నేను చూసిన పనిని నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఇంకెక్కడా చూడలేదు. సత్తయ్య కంప్యూటర్ ముట్టుకోకుండా మొదట ఒక రూళ్ల నోట్‌బుక్ తీశాడు. ఒక్కో లోపలి ఫంక్షన్‌కు ఒక్కో పేజీ. అది బయటి ఫంక్షన్ నుంచి ఏమేం తీసుకుంటోంది, వాటిలో చూసి వదిలేసేవి ఏవి, మార్చేవి ఏవి అని రెండు వరుసలు. ఇంత దేనికని నవ్య అడిగితే ఆమె ఇంటి ముచ్చటే చెప్పాడు.

"మీ నాయిన, మీ పెదనాయిన ఏరువడ్డరు గదా బిడ్డా. కలిసున్నప్పుడు ఎవల కత్తెర ఎవలు తీసినా ఫికర్ లేదు. ఏరువడ్డంక ఏది ఎవలదో రాసుకోకపోతే తెల్లారి నుంచి లొల్లే. ఇయ్యి సుత గంతే. ఇన్నేండ్లు ఒక్కింట్ల ఉన్నయి. ఇప్పుడు ఏరువెడుతున్నం."

నవ్య నవ్వి, తన కుర్చీ అతని బల్ల దగ్గరికి జరుపుకుంది. అప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే పని.

జాబితా అయ్యాక ఒక్కో ఫంక్షన్‌కు కావలసిన విలువలను ఒక మూటగా కట్టి, పిలిచిన ప్రతిసారీ ఆ మూట ఎక్కడుందో చేతికి అందించే పద్ధతి పెట్టాడు. సీ భాషలో దాన్ని స్ట్రక్చర్ అంటారు. సత్తయ్య దానికి 'సంచి' అని పేరు పెట్టాడు, ప్రోగ్రాంలో ఇప్పటికీ అదే పేరు. ప్రతి ఛాంబర్‌కు దాని సంచి దానిదే కాబట్టి ఒకదాని అంకె ఇంకోదానిలోకి పోదు. ఆ నలభై ఒక్క ఫంక్షన్లలో ఏడు మాత్రం మొండివి. వాటిని పాత ప్రోగ్రాం టైమర్ చేతికి ఇచ్చి, సమయం అయ్యాక పిలవమనేది. అందుకోసం పాత కంపైలర్ విలువలు దాచే చోట రహస్యంగా ఒక చిన్న కోడ్ ముక్కను తయారుచేసి నడిపేది. కొత్త చిప్ భద్రత కోసం అక్కడ కోడ్‌ను నడవనివ్వదు. సత్తయ్య టైమర్‌కు ఫంక్షన్‌ను అప్పగించే పద్ధతినే మార్చి, ఫంక్షన్‌తో పాటు దాని సంచి చిరునామా కూడా టైమర్ దగ్గర ఉండేలా చేశాడు. ఒక్కో ఫంక్షన్‌ను బయటికి తీయగానే పాత కంపైలర్‌లోనూ కొత్త కంపైలర్‌లోనూ నడిపి, రెండిటి జవాబులూ సరిపోలితేనే తర్వాతిది ముట్టుకునేవాడు. తొందర అనేది అతని చేతుల్లో లేదు. నాకు లోలోపల అసూయగా కూడా ఉండేది.

మా దగ్గర ఇంకో నియమం ఉంది. విడిగా నిలబడే ప్రతి ఫంక్షన్‌కు సమీక్ష రిజిస్టరులో ఒక పేజీ ఉండాలి: పేరు, చేసే పని, ఎందుకు అవసరమైంది, రాసినవారు. పేజీ నిండితేనే సమీక్షించిన ఇంజనీర్ సంతకం పెట్టాలి. కడుపులో ఉన్నంతకాలం లోపలి ఫంక్షన్లకు ఆ బాధ లేదు. ఇప్పుడు నలభై ఒక్కటికీ పేజీలు కావలసి వచ్చాయి.

గడువు ఇంకా రెండు రోజులుందనగా సత్తయ్య రిజిస్టరు పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, గిదొక్కటి మిగిలింది. దీనికేం పేరు పెట్టమంటరు?"

చూశాను. ఛాంబర్ చలిని చదివి కంప్రెసర్‌ను ఆపే ప్రధాన ఫంక్షన్. ప్రోగ్రాంలో నేను స్వయంగా రాసిన కొద్దిపాటి వాటిలో అది ఒకటి, నాకు గొప్పగా ఉండేది. ఇందులో లోపలి ఫంక్షన్ ఎక్కడిదని అడిగాను. "లోపలిది నాది సార్" అన్నాడు.

చదివాను. ఒక్క నిమిషంలో చలి నమ్మలేనంత పెరిగినట్టు కనిపిస్తే అది చలి కాదు, సెన్సర్ వైరు తెగిందని గుర్తించి, కంప్రెసర్‌ను ఆపకుండా గంట కొట్టే ఫంక్షన్ అది. మేము వాడే రకం సెన్సర్ వైరు తెగితే బోర్డుకు విపరీతమైన చలిగా కనిపిస్తుంది. నేను రాసినప్పుడు ఆ సంగతే ఆలోచించలేదు. ఎప్పుడు రాశావని అడిగాను.

"ఏడేండ్లయితాంది సార్. రఘునాథపల్లి కాడ ఎలుకలు వైరు కొరికినయి. ఛాంబర్ వేడెక్కుతాంటె మన బోర్డు మైనస్ నలభై చూపెట్టి కంప్రెసర్ బందు పెట్టింది. వాచ్‌మన్ చూసిండు కాబట్టి బస్తాలు దక్కినయి."

నాకెందుకు చెప్పలేదన్నాను.

"చెప్పుదామనే వచ్చిన సార్. అయ్యాల మీరు గరం మీదున్నరు. నోరు తెరవకముందే ఫైలు ఇసిరేసిండ్రు. ఎనక్కి పోయి, మీ దాని లోపలనే రాసిన. ఎవలకు కనవడదని."

నాకా సంఘటన గుర్తు కూడా లేదు. రిజిస్టరు చూశాను. ఆ పేజీలో 'ఎందుకు అవసరమైంది' అన్న గడి ఖాళీగా ఉంది. అతను అడగడానికి వచ్చింది పేరు కాదు. ఆ గడిలో నిజం రాస్తే మేనేజర్ తప్పు ఎండీ గారి ముందుకు వెళుతుంది. ఖాళీగా వదిలేస్తే నవ్య సంతకం పెట్టదు, ప్రోగ్రాం ఆగుతుంది, తాను నిచ్చెనలు ఎక్కాలి. అబద్ధం రాయడం అతనికి రాదు. ముందు నాకు అలవాటు కొద్దీ కోపమే వచ్చింది. ఆ తర్వాత వచ్చింది సిగ్గు. ఏడేళ్లు వేలాది బస్తాలను ఈ మనిషి నా తప్పు నుంచి కాపాడాడు, ఒక్క మాటైనా ఎక్కడా అనలేదు.

రిజిస్టరు తీసుకుని నా చేత్తోనే రాశాను. పేరు: వైరు తెగిందా. ఎందుకు అవసరమైంది: మేనేజర్ రాసిన ఫంక్షన్ వైరు తెగడాన్ని చలిగా పొరబడుతుంది కాబట్టి. రాసినవారు: సత్తయ్య, సీనియర్ టెక్నీషియన్. "జర ఆలోచించుండ్రి సార్" అన్నాడతను. ఆలోచించే రాశానన్నాను.

నవ్య ఆ పేజీ చదివి సంతకం పెట్టింది. సమీక్షలో ఎండీ గారు ఆ గడి దగ్గర ఆగి, ఇది నిజమేనా అన్నారు. నిజమేనన్నాను. ప్రోగ్రాం రెండు కంపైలర్లలోనూ ఒక్క హెచ్చరిక లేకుండా కంపైల్ అయింది. బస్తాలు వచ్చేనాటికి బోర్డులు గోడల మీద ఉన్నాయి. సత్తయ్య హోదా మారలేదు, డిగ్రీ నిబంధన అలాగే ఉంది. కానీ ప్రోగ్రాం బాధ్యత అతని పేరు మీద రాతపూర్వకంగా ఇచ్చారు, ఫీల్డ్ సర్వీసు మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక కంపైలర్ ఒప్పుకున్నంత మాత్రాన అది భాష కాదని ఆ పని వల్ల విభాగమంతా నేర్చుకుంది. నేను నేర్చుకున్నది వేరు. నా హయాంలో తప్పులు తక్కువని ఏటా నివేదికల్లో రాసుకునేవాణ్ణి. తప్పులు తక్కువ కాదు. చెప్పడానికి వచ్చినవాళ్లు నా గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేవారు.